హద్దు కాచే కుక్కను పెంచుతూ ఇరుగుపొరుగుతో సఖ్యంగా ఉండడం ఎలా?

విజయవాడలో సత్యనారాయణపురం, కృష్ణలంక వంటి పాత పేటల్లో రెండిళ్ళకు మధ్య ఉండేది తరచుగా ఒక్క ప్రహరీ గోడే. చాలా చోట్ల కింది వాటాకూ పై వాటాకూ గేటు ఒకటే, మెట్లూ ఒకటే. ఇంత దగ్గరగా ఉండే ఇళ్ళలో, తన హద్దులోకి ఎవరినీ రానివ్వని కుక్క ఉంటే, దాని మొరుగుడు పెంచినవారికి కాపలాగా తోస్తుంది, పక్కవారికి తెరపి లేని రభసగా వినిపిస్తుంది. కొత్తగా కుక్కను తెచ్చుకోవాలనుకునేవారి కోసం ఈ వ్యాసం రాయలేదు. ఇప్పటికే మీ ఇంట్లో అలాంటి కుక్క ఉండి, పక్కింటివారు ముఖం చాటేయడమో, అపార్టుమెంటు సంఘం నుంచి కాగితం రావడమో జరిగినప్పుడు ఏ పని ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో చెప్పడానికి రాశాను. ఇందులో వరుసే ముఖ్యం. చాలామంది నేరుగా శిక్షణతో మొదలుపెట్టి, పొరుగువారితో మాట్లాడడాన్ని చివరికి వదిలేస్తారు. శిక్షణకు ఫలితం కనబడేలోగా సంబంధాలు పూర్తిగా చెడిపోతాయి.

ముందు కారణం తేల్చుకోండి

ఒక వారం పాటు ఒక పాత పుస్తకంలో రాసుకోండి: కుక్క ఎప్పుడు మొరిగింది, ఎవరిని చూసి, ఇంట్లో ఏ చోటి నుంచి, ఎంతసేపు. హద్దు కాచే కుక్కను గుర్తించడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రోజూ గేటు దగ్గర ఏ మనిషిని చూసి అది ఎగిరిపడుతుందో, అదే మనిషి నాలుగు వీధుల అవతల నడకలో ఎదురైనప్పుడు దాని తీరు గమనించండి. అక్కడ పట్టించుకోకుండా వెళ్ళిపోతే, దానికి ఆ మనిషితో పేచీ లేదు, చోటుతోనే పేచీ. ఎక్కడ కనిపించినా తోక కాళ్ళ మధ్య దాచుకుని అరిస్తే అది భయం. మీరు తాళం వేసి బయటికి వెళ్ళినప్పుడు మాత్రమే ఏడుపుగా మొరిగితే అది ఒంటరితనం. ఈ రెండింటికీ పద్ధతులు కొంత వేరుగా ఉంటాయి.

హద్దు కాచే స్వభావం సాధారణంగా కుక్కకు ఏడాది నుంచి మూడేళ్ళ వయసు మధ్య బయటపడుతుంది. అందువల్ల పిల్లగా ఉన్నప్పుడు అందరి ఒడిలో కూర్చున్న కుక్క ఇప్పుడు ఇలా ఎందుకు మారిందని ఆశ్చర్యపోనక్కరలేదు. అయితే ఆరేడేళ్ళు నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి చిరాకు పడుతూ ఉంటే, స్వభావం గురించి ఆలోచించే ముందు పశువైద్యునికి చూపించాలి. చెవిలో చీము, కీళ్ళ నొప్పి, చూపు తగ్గడం, మన వాతావరణంలో విపరీతంగా పట్టే పిడుదులు, వాటివల్ల వచ్చే జ్వరం, ఇవన్నీ కుక్కను కసురుకునేలా చేస్తాయి. విజయవాడవారికి దగ్గరలోనే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఊళ్ళో డాక్టరుకు అంతుపట్టని కేసును అక్కడికి తీసుకువెళ్ళవచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మొరగడం మానుతుందని కొందరు చెబుతారు. ఆపరేషన్ వల్ల మగకుక్క ఊరంతా తిరగడం, గోడలకు మూత్రం పోయడం చాలావరకు తగ్గుతాయి కానీ, గేటు దగ్గర మొరుగుడు తగ్గుతుందని దాన్ని నమ్ముకోవద్దు.

గేటును కుక్క అధీనంలో నుంచి తప్పించండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉన్నవారు దీన్ని చదవాలి. తెల్లవారుజామున పేపరు వేసే కుర్రాడు వస్తాడు, కుక్క మొరుగుతుంది, కుర్రాడు వెళ్ళిపోతాడు. అతను వెళ్ళింది పక్కింట్లో పేపరు వేయడానికే అయినా, కుక్క లెక్కలో మాత్రం తాను మొరిగింది కాబట్టే వెళ్ళిపోయాడు. తరువాత పాలవాడు, చెత్త బండి, కూరగాయల బండి, గ్యాసు సిలిండరు, కొరియరు: వచ్చిన ప్రతివారూ వెళ్ళిపోయేవారే కనుక కుక్కకు రోజుకు పదిసార్లు గెలుపు దొరుకుతుంది. ఇలా గెలుస్తూ ఉన్న అలవాటును ఏ శిక్షకుడూ వారానికి ఒక గంటలో మాన్పించలేడు. అందుకే ముందు ఆ గెలుపులు దొరకకుండా చేయాలి.

ఊచల గేటు అయితే కింది నుంచి కుక్క చూపు అందేంత ఎత్తు వరకు రేకు గానీ ఫైబరు షీటు గానీ బిగించండి. పెద్ద జాతి కుక్క వెనక కాళ్ళ మీద నిలబడితే మనిషి ఛాతీ ఎత్తుకు వస్తుందని గుర్తుంచుకుని కొలత తీసుకోండి. మే నెలలో మన ఊరి ఎండకు రేకు కాలిపోతుంది కనుక గాలి ఆడేందుకు అడుగున కొద్దిగా సందు వదలండి. కానీ ఆ సందులో మూతి పట్టకూడదు. కనిపించడం ఆగితే చప్పుడుకు మొరగడం కొంత మిగులుతుంది, అయినా రభసలో పెద్ద భాగం తగ్గిపోతుంది.

తరువాత, వచ్చేవారు గేటు తెరవవలసిన అవసరం లేకుండా చేయండి. కాలింగ్ బెల్లు, పాల సంచీ తగిలించే కొక్కెం, ఉత్తరాల పెట్టె, అన్నీ గేటుకు బయటి వైపు ఉండాలి. కరెంటు మీటరు లోపల ఉంటే రీడింగు తీసే మనిషి వచ్చే రోజుల్లో కుక్కను ఇంటి వెనక వైపు ఉంచాలి. వరండాకు నడుము ఎత్తున రెండో చిన్న గేటు పెట్టిస్తే పెద్ద గేటు పొరపాటున తెరుచుకున్నా కుక్క వీధిలోకి దూకలేదు. గేటు గడియ మూతితో ఎత్తి తీసే తెలివి చాలా కుక్కలకు ఉంటుంది; బిళ్ళ తిప్పే గడియ బదులు చిలుకు కొక్కెం వేయించడం మంచిది. ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న పలక తప్పక తగిలించాలి, అయితే ఆ పలక ఉన్నంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు.

గేటు పక్కనే గొలుసుతో కట్టి ఉంచడం మన ఊళ్ళో అతి సాధారణం, అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు కూడా అదే. కట్టేసిన కుక్కకు వెనక్కు తగ్గే దారి ఉండదు కనుక ప్రతి మనిషి మీదికీ తిరగబడడమే నేర్చుకుంటుంది. చట్టం మాట చెప్పాలంటే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి గొలుసుతో లేదా మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టి ఉంచడమూ, అలవాటుగా కట్టేసే కుక్కకు తగిన వ్యాయామం లేకుండా చేయడమూ నేరాలే.

డాబా సంగతి వేరుగా చెప్పాలి. కింద గోల ఎక్కువైందని కుక్కను డాబా మీదికి తోలేవారు చాలామంది ఉన్నారు. అక్కడి నుంచి దానికి ఒక్క వీధికి బదులు నాలుగు వైపుల డాబాలూ కనిపిస్తాయి; ఒకరు వడియాలు పెడుతుంటారు, ఇంకొకరు బట్టలు ఆరేస్తుంటారు, వేసవి రాత్రుల్లో మరొకరు పక్క వేసుకుని పడుకుంటారు. అందరి మీదా మొరగడమే దాని ఉద్యోగమవుతుంది. పైగా పగటి ఎండలో డాబా మీద వదలడం ప్రాణానికే ముప్పు. డాబా మీద కుక్క మీతో పాటు ఉండాలి, మీతో పాటే దిగాలి.

రోజును కుక్కకు తగ్గట్టుగా అమర్చుకోండి

మీరు వారం పాటు రాసుకున్న పుస్తకం ఇక్కడ పనికి వస్తుంది. మొరుగుడు ఏ వేళల్లో ఎక్కువగా ఉందో చూసి, ఆ వేళల్లో కుక్క ఇంటి లోపలి గదిలో, తినడానికి ఏదో ఒక పనితో ఉండేలా చేయండి. ప్రతి నెలా సాధారణంగా ఒకటో తేదీ ఉదయాన్నే సచివాలయ సిబ్బంది పింఛన్లు ఇవ్వడానికి ఇంటింటికీ తిరుగుతారు. మీ ఇంట్లో పింఛను లేకపోయినా పక్కింటి మామ్మగారికి ఉండవచ్చు, ఆవిడ మీ గేటు ముందు నుంచే నడవాలి. ఆ ఉదయం కుక్క లోపలే ఉండాలి. ధనుర్మాసంలో హరిదాసు, సంక్రాంతికి గంగిరెద్దులు, వినాయక చవితి మైకులు, దీపావళి టపాకాయలు, ఇవన్నీ తేదీ ముందే తెలిసిన సందర్భాలు కనుక ముందే సిద్ధంగా ఉండవచ్చు.

నడక తగినంత ఉన్న కుక్క గేటు దగ్గర కాపలాకు ఓపిక తక్కువగా చూపుతుంది. వేసవిలో తెల్లవారుజామునే తీసుకువెళ్ళండి. సాయంత్రం అయితే ఎండ పోయాక కూడా తారు రోడ్డు వేడి వదలదు కనుక అరచేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి చూసి, మీరు ఓర్చుకోలేని వేడి ఉంటే ఆగండి. తాడు ఎప్పుడూ చేతిలోనే ఉండాలి. మెడ బెల్టు కంటే ఛాతీకి తొడిగే పట్టీ మేలు, లాగినప్పుడు గొంతు నొక్కుకోదు.

నడకలో ఇంకొక విషయం ఉంది, నా అంచనాలో మొరుగుడు కంటే ఎక్కువ తగాదాలు దాని వల్లే వస్తాయి. ఎదురింటివారు తెల్లవారుజామున కల్లాపి చల్లి ముగ్గు పెట్టి లోపలికి వెళతారు, ఆ వెంటనే మీ కుక్క ఆ ముగ్గు మీద కాలెత్తుతుంది. హద్దు కాచే కుక్క వాసనతో కూడా హద్దులు గీసుకుంటుంది కనుక గేటు స్తంభాలు, స్కూటరు చక్రాలు, తులసి కుండీలు దాని లక్ష్యాలు. ఇంటి నుంచి బయలుదేరగానే తాడు పొట్టిగా పట్టుకుని, నలుగురి వాకిళ్ళూ దాటాక, కాలువ గట్టు పక్కనో ఖాళీ స్థలంలోనో మాత్రమే తాడు వదులు చేయండి. మలవిసర్జన చేస్తే పాత పేపరుతోనో సంచీతోనో ఎత్తి చెత్తలో వేయండి. ఇది చేస్తున్నట్టు నలుగురూ చూడడం వల్ల వచ్చే గౌరవం తక్కువేమీ కాదు.

శిక్షణ: బెల్లు మోగితే చాప మీదికి

ఇప్పుడు శిక్షణ మొదలుపెట్టవచ్చు. కుక్కకు నచ్చిన తాయిలం సిద్ధం చేసుకోండి. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్కలుగా చేస్తే చాలు. గేటుకు దూరంగా హాల్లో ఒక చాప పరచి, ‘చాప’ అన్న మాటకు అది వెళ్ళి పడుకునేలా ముందు నేర్పండి. ఆ మాట బాగా వచ్చాక, ఫోనులో రికార్డు చేసిన బెల్లు శబ్దాన్ని చాలా చిన్నగా వినిపించి, వెంటనే చాప మీదికి పంపి తాయిలం ఇవ్వండి. ఈ శబ్దాన్ని రోజులు గడిచేకొద్దీ పెంచండి. తరువాత ఇంట్లోవారే ఎవరో ఒకరు బయటికి వెళ్ళి నిజమైన బెల్లు కొట్టాలి. చివరిగా, కుక్కకు కొద్దిగా తెలిసిన మనిషి చేత కొట్టించాలి. ఏ మెట్టులోనైనా అది మొరిగితే మీరు తొందరపడ్డారని అర్థం. ఒక మెట్టు దిగి మళ్ళీ చేయండి. రోజుకు రెండు మూడు సార్లు, ఐదేసి నిమిషాలు చాలు. కొన్ని కుక్కలకు వారాలు పడుతుంది, కొన్నింటికి నెలలు.

మొరిగేటప్పుడు మీరూ గట్టిగా అరిస్తే, యజమాని కూడా తనతో కలిసి మొరుగుతున్నాడని కుక్క ఉత్సాహపడుతుంది. కర్ర తీస్తే ఇంకా ప్రమాదం. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే కోపం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. గుర్రుమనకుండా నేరుగా కరిచే కుక్కలు చాలావరకు ఇలా తయారైనవే. మెడకు కరెంటు షాకు ఇచ్చే పట్టీల జోలికి వెళ్ళవద్దు.

మనుషులు వచ్చినప్పుడు జాగ్రత్త అవసరమైన కుక్కకు, దుకాణాల్లో మజిల్ అని అమ్మే మూతిచిక్కం నెమ్మదిగా అలవాటు చేయండి. నోరు తెరిచి వగర్చడానికి, నీళ్ళు తాగడానికి వీలున్న బుట్ట రకమే కొనాలి. మూతిని బిగించి కట్టే గుడ్డ రకం మన ఎండల్లో వడదెబ్బకు దారి తీస్తుంది.

పొరుగువారి దగ్గరికి మీరే ముందు వెళ్ళండి

శిక్షణ మొదలైన వారంలోనే ఈ పని జరగాలి. ఫిర్యాదు వచ్చాక వెళితే సంజాయిషీ అవుతుంది, ముందే వెళితే మర్యాద అవుతుంది. కుక్కను వెంట తీసుకువెళ్ళకండి. మాట ఇలా మొదలుపెట్టవచ్చు: “పిన్నిగారూ, మా కుక్క గోల మీకు ఇబ్బందిగా ఉందని మాకు తెలుసండీ. గేటుకు రేకు వేయించాం, నేర్పడం మొదలుపెట్టాం. ఏ వేళల్లో మీకు మరీ ఇబ్బందో చెబితే ఆ వేళల్లో దాన్ని లోపల ఉంచుతాం.” ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీరు ఊహించినది కాకపోవచ్చు. మీరు రాత్రి మొరుగుడు గురించి బాధపడుతుంటే, వారి ఇబ్బంది మధ్యాహ్నం పసిబిడ్డ నిద్రపోయే వేళ కావచ్చు, నైటు డ్యూటీ చేసి వచ్చిన అబ్బాయి పడుకునే ఉదయం కావచ్చు. వేళ తెలిస్తే సర్దుబాటు సులువు. మీ ఫోను నంబరు ఇచ్చి, మీరు ఊళ్ళో లేనప్పుడు గోల ఎక్కువైతే చెప్పమనండి, చెప్పినప్పుడు వాదించకండి.

ఒక మాట మాత్రం ఎప్పుడూ అనవద్దు: “మా కుక్క ఏమీ చేయదండీ.” భయపడుతున్న మనిషికి ఈ మాట ఊరట ఇవ్వదు సరికదా, తన భయాన్ని మీరు లెక్కచేయడం లేదని మాత్రమే చెబుతుంది. “పట్టుకున్నానండీ, మీరు వెళ్ళండి” అనడం మేలు.

శుచి విషయంలో పట్టింపు ఉన్న కుటుంబాలను ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. కుక్క చొంగ తగిలితే నమాజుకు ముందు కడుక్కోవలసి వస్తుందని చూసుకునే ముస్లిం కుటుంబాలు, భవానీ దీక్షలోనో అయ్యప్ప దీక్షలోనో ఉండి మైల పాటించేవారు మీ మెట్ల మీదే ఎదురుకావచ్చు. వారిది కుక్క మీద ద్వేషం కాదు. మెట్ల మీద ఎవరైనా వస్తుంటే మీరు కుక్కను గోడ వైపు తిప్పి, మీరు మధ్యలో నిలబడి దారి ఇవ్వండి.

ఇష్టపడిన పొరుగువారిని కుక్కకు పరిచయం చేయాలంటే గేటు దగ్గర చేయవద్దు. వీధి చివర కలుసుకుని, కొంత దూరంగా ఒకే దిశలో కలిసి నడవండి. వారు కుక్క కళ్ళలోకి చూడకుండా, చేయి చాచకుండా నడవాలి. అలా కొన్ని నడకలయ్యాక అందరూ కలిసే గేటులోకి రండి. పిల్లలకైతే మీరు పక్కన లేకుండా గోడ మీద నుంచి బిస్కెట్లు వేయవద్దని చెప్పండి.

వీధి కుక్కల విషయం కూడా పొరుగు వ్యవహారమే. మీ గేటు ముందే వాటికి అన్నం పెడితే అవి అక్కడే చేరతాయి, లోపల మీ కుక్క గోడ వెంబడి పరుగెత్తి రాత్రంతా మొరుగుతుంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటికి ఆహారం పెట్టే చోటును నివాసుల సంఘం పిల్లల ఆట స్థలాలకు, రాకపోకల దారులకు దూరంగా చూపించాలి. ఆ చోటును అడిగి తీసుకోండి.

అపార్టుమెంటు సంఘం, చట్టం

భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సభ్యులంతా ఓటు వేసినా సరే, ఏ సంఘమూ పెంపుడు కుక్కలను మొత్తంగా నిషేధించడానికి వీల్లేదు, లిఫ్టు వాడనివ్వకుండా ఆపడానికీ వీల్లేదు. అయితే దీన్ని మీటింగులో గెలవడానికి వాడుకోవడం కన్నా, వీలైనంత వరకు జేబులోనే ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. రద్దీ వేళల్లో లిఫ్టు వదిలి మెట్లు వాడతానని మీరే చెబితే, ఆ కాగితం తీయవలసిన అవసరమే రాకపోవచ్చు. అవతలి వైపు కూడా చట్టం ఉంది. శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు; మీ ఇంటి నిశ్శబ్దానికి ఆ వేళలనే కనీస గీతగా పెట్టుకోండి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

రేబిస్ టీకా కార్డు ఎప్పుడూ ఇంట్లో సిద్ధంగా ఉండాలి. పిల్లకు మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి. జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. నగరపాలక సంస్థ వద్ద నమోదు గురించి మీ వార్డు సచివాలయంలో అడిగి పూర్తి చేయించుకోండి.

ఒకవేళ కరిస్తే

ముందు కుక్కను లోపల గదిలో మూసి, కరిచిన గాయాన్ని కొళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాల పాటు కడిగించాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి వంటివి ఏవీ అద్దనివ్వకండి. మీ కుక్కకు టీకా వేసి ఉన్నా సరే, గాయపడినవారిని మీరే వెంటబెట్టుకుని అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. చర్మం లోపలికి ఇచ్చే పద్ధతిలో టీకా మొదటి రోజున, ఆ తరువాత 3, 7, 28వ రోజుల్లో పడుతుంది. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే తయారు యాంటీబాడీల మందు) కూడా అవసరమవుతుంది, కనుక డాక్టరుకు గాయం పూర్తిగా చూపించాలి. మిగిలిన టీకాల తేదీలు మీరు రాసుకుని, ప్రతిసారీ ఆటో ఖర్చుతో సహా మీరే చూసుకోండి.

కుక్కను పది రోజులు ఇంట్లోనే ఉంచి గమనించాలి. ఎక్కడికో తీసుకువెళ్ళి వదిలేయడం అన్నిటికన్నా తప్పు, ఎందుకంటే ఆ పది రోజులూ అది ఆరోగ్యంగా ఉందని తెలియడమే గాయపడినవారికి అసలైన భరోసా. మూడో రోజునా, పదో రోజునా కుక్క ఎలా ఉందో మీరే వెళ్ళి చెప్పండి. ఈలోగా కాటు ఎలా జరిగిందో, ఏ గడియ ఊడిందో, ఎవరు గేటు తీశారో తేల్చి, ఆ లోపాన్ని సరిచేయించి, సరిచేసిన చోటును వారికి చూపించండి.